ఏడు కిలోలకు లేవాల్సిన వాల్వు

మా పెదనాన్న పోయి ఈ రోజుకు పదకొండు రోజులు. బళ్ళారిలో ఒక జీన్స్ వాషింగ్ యూనిట్ వాళ్ళు, బాయిలరు ఆవిరి పైపు కారుతోంది చూడమని పిలిస్తే వెళ్ళాడు. చూస్తుండగానే పైపు పగిలింది. కాలిన ఒంటితో రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. చర్చిలో అందరూ దేవుడు పిలిచాడన్నారు. నేను అనలేదు, అనను. పిలిచింది ఆ యూనిట్ వాళ్ళు.

అదే ఊళ్ళో, బ్రూస్‌పేటలోని మా చిన్న వర్క్‌షాపులో ఆయన సేఫ్టీ వాల్వులు పరీక్షించేవాడు. బాయిలరులో ఒత్తిడి హద్దు దాటితే తనంతట తాను లేచి ఆవిరిని బయటికి వదిలేది ఆ వాల్వే. నాకు ఆ పని నేర్పిందీ ఆయనే. వచ్చిన వాల్వును పరీక్ష బెంచి మీద పెట్టకముందు గుడ్డతో తుడవబోతే కసిరేవాడు.

"మురికితోనే ఎక్కించు పాపా. ఆడ ఎట్లుండాదో ఈడ అట్లే చూడల్ల. తుడిచినంక చూస్తే మన పనితనం కనపడ్తాది గానీ, వాళ్ళ బాయిలరు సంగతి యాడ తెలుస్తాది?"

మెత్తని మనిషేం కాదు. గేజీ ముల్లు కదులుతుండగా ఎవరు నోరు తెరిచినా బయటికి పొమ్మనేవాడు. ఒకసారి పాస్టరుగారినీ పొమ్మన్నాడు. ఆ ఆదివారం మాత్రం ఏమీ ఎరగనట్టు ముందు వరుసలో కూర్చుని గొంతెత్తి పాడాడు.

సమాధి చేసిన మూడో రోజే ఆ యూనిట్ మేనేజరు వచ్చాడు. అంత్యక్రియలకు అందరికంటే పెద్ద దండ తెచ్చిన పెద్దమనిషి. ఈసారి గోనెసంచిలో వాల్వు తెచ్చాడు.

"రేపు ఇన్‌స్పెక్టరు వస్తాండాడమ్మా. దీన్ని శుభ్రం చేసి, ఏడు కిలోల ఒత్తిడికి సెట్ చేసి, సరిగ్గా ఉండాదని కాగితం రాసియ్యి. పెద్దాయనే పైపు సరిగ్గా చూసుకోలేదేమో. స్వల్ప అడ్జస్ట్ చేసుకోవల్ల."

ఒళ్ళు మండిపోయింది. చంపిందీ వీళ్ళే, తప్పు మోయాల్సిందీ ఆయనేనా? వాల్వు తిప్పి చూశాను. ఏడు కిలోలకు సెట్ చేసి ఇంకెవరూ కదపకుండా పెదనాన్న వేసిన సీసపు సీలు తెగి ఉంది.

"ఇదెవురు తెంచినారప్పా?"

"మాటిమాటికీ లేచి పని నిలబడిపోతాంటే మావోళ్ళు స్ప్రింగు స్వల్ప బిగించినారేమో. నాకేం తెలుసమ్మా?"

"బిగిస్తే అది లేవదు, ఒత్తిడంతా పైపు మీదికి పోతాది. బిగించినామని మా పెదనాన్నకు చెప్పినారా?"

అతను గోనెసంచి మడవసాగాడు.

"తుడిచేది లేదు. ఉన్నదున్నట్టే ఎక్కిస్తా. నువ్వు ఈడే నిలబడి చూడల్ల."

ఒత్తిడి పెంచుతూ పోయాను. ఏడు దాటింది. వాల్వు కదల్లేదు. ఎనిమిది. తొమ్మిది. పక్కకు చూస్తే మేనేజరు లేడు.

"పగుల్తాదమ్మా! ఆపమ్మా, ఆపు!" అని వీధిలోంచి కేక.

పది దగ్గర ఆపాను. పదికీ లేవలేదని కాగితం మీద రాసి, మర్నాడు నేనే తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాను. అది ఏమవుతుందో తెలియదు. నా కళ్ళ ముందు నుంచి పోనిది మాత్రం ఒకటే. ఆపాక బయటికి వెళ్ళి చూస్తే, ఆ మేనేజరు మా గోడకు అవతల, రెండు చెవులూ మూసుకుని నక్కి కూర్చున్నాడు. ఎక్కడ దాక్కోవాలో అతనికి బాగా తెలుసు. పెదనాన్నను మాత్రం పైపు ముందే నిలబెట్టాడు.