బెల్లంతో తూగిన బిడ్డ

మేడారం జాతర దగ్గరపడిందంటే జనగామలో గంగాధర్ సేటు కొట్టు ముందు జనం బారులు తీరుతారు. తమ బరువుకు సరితూగే బెల్లాన్ని బంగారమని వనదేవతలకు సమర్పించే మొక్కు అది. కాంటా నిలకడకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టడం సేటుకు అలవాటు. ప్రతి జాతరకూ ఆయన మొదట తూచేది తన ఒక్కగానొక్క కూతురు శ్రీనిధినే. "ఏంది సేటూ, బిడ్డ గుమ్మడికాయ లెక్క అడ్డంగనే పెరగవట్టె?" అని హమాలీ ఎల్లయ్య ఎగతాళి చేస్తే, "పోయినసారి కంటె బెల్లం ఎక్కువే తూగింది పోవయ్యా! నా బిడ్డకు తిండి తక్కువనా?" అని నవ్వేసి, ఆ పూట అన్నంలో మరో గరిటె నెయ్యి వడ్డించేవారు.

ఇంటర్ పూర్తయినా శ్రీనిధి తోటివారి భుజాలకు అందలేదు. చివరకు దవాఖానకు తీసుకువెళ్లారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

"తిండి చాలకుంటే ముందు బరువు తగ్గుతది అన్నా, ఎత్తు ఆగేది తర్వాత. ఈమెకు బరువు మంచిగనే ఉన్నది, ఎత్తే ఆగింది. గిది ఎదుగుదల హార్మోన్ లోపం. చిన్నప్పుడే సూదిమందు మొదలువెడితే పెరిగేది. ఇప్పుడు ఎముకల కొనలు మూసుకపోయినయ్."

"ఎన్నడూ ఎత్తు కొలవకపోతినమ్మా" అన్నారు సేటు.

"ఏడువకు బాపూ. నువ్వు నాకేం తక్కువ చేసినవ్?" అంది శ్రీనిధి.

ఆ మాటకు ఆయన మరింత కుమిలిపోయారు. కూతురి భుజంపై తల వాల్చుకోవడానికి ఆ గచ్చు నేలమీద మోకాళ్లూనవలసి వచ్చింది.