మూడు స్క్రూలకి మా బుల్లెమ్మ పెట్టిన పేర్లు

బుల్లెమ్మా, నువ్వు లేవన్న మాట నా చేత్తో రాయాల్సి వచ్చిందమ్మా.

మా అమ్మాయి పోయిన నెల జ్వరంతో చనిపోయింది. యానాం ఫరంపేటలో పిల్లలకి ట్యూషన్ చెప్పేది. చుక్కల్ని చూడ్డానికి లావుపాటి ప్లాస్టిక్ పైపుతో ఇంట్లోనే టెలిస్కోపు చేసుకుంది. పైపు అడుగున పెద్దద్దం, పైన ఏటవాలుగా చిన్నద్దం. రెండూ సరిగ్గా ఎదురుపడకపోతే చుక్క చెదిరి కనపడుతుందట. "ఆకాశాన్ని అనకమ్మా, ముందు మన అద్దాలు చూసుకుందాం" అనేది.

మధ్యాహ్నం వంటయ్యాక ఆ పని పెట్టుకునేవాళ్ళం. తను పైన కన్ను పెట్టి చూస్తుంటే, పెద్దద్దం వెనక మూడు స్క్రూలు తిప్పేది నేను. నాకు కుడి ఎడమలు తికమక. అందుకని వాటికి పెద్దత్త, చిన్నత్త, పిన్ని అని పేర్లు పెట్టింది.

"పెద్దత్తని కొంచెం బిగించమ్మా!"

"మీ పెద్దత్త నా మాటెప్పుడు విందే?"

"చాల్చాలు! ఇప్పుడు పిన్నిని వదులు చెయ్యి. నీ చెల్లెలని జాలిపడకు."

మా ఆయన ఆ వేళకి ఆటో మీద ఉండేవారు. మేమిద్దరమే నవ్వుకునేవాళ్ళం.

తను పోయిన రోజు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి చోటు చేస్తుంటే టెలిస్కోపు కిందపడింది. పగల్లేదు గానీ పెద్దద్దం ఒరిగిపోయింది. పిల్ల చేత్తో సర్దింది కూడా పోయిందే అని అదొక దిగులు నాకు. మళ్ళీ కుదర్చగలనా? పైనుంచి నేనెప్పుడూ చూసి ఎరగను.

నిన్న మా ఆయన్ని స్క్రూల దగ్గర కూర్చోబెట్టి, నేను పైన కన్ను పెట్టాను. అద్దంలో ఓ పక్కకి జరిగిన నల్లటి బొట్టు. నా స్టిక్కర్ బొట్టే. పెద్దద్దం నడిమికి గుర్తుగా బుల్లెమ్మే అంటించుకున్నట్టుంది. కన్ను తియ్యకుండానే అన్నాను.

"పెద్దత్తని వదులు చెయ్యండి."

"మా అక్కేం చేసిందే నిన్ను?"

అప్పుడు చెప్పాను పేర్ల సంగతి. పడీపడీ నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "నేను లేనప్పుడు ఇదా మీ తల్లీకూతుళ్ళ యవ్వారం!"

బిగించీ వదిలీ, తిట్టుకునీ, మళ్ళీ మొదలెట్టీ, బొట్టు నడిమికొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. వంకాయ ఎండురొయ్యల కూర. మా ఆయన మారు వడ్డించమన్నారు. చాన్నాళ్ళకి నేనూ వడ్డించుకున్నాను.

ఇది చదివే మీరూ వేళకి కడుపునిండా తినండి.