జత కుదరని డిస్కులు

ఎనిమిదో తరగతిలోనే చదువు నన్ను భరించలేక వదిలేసి పోయింది. ఆ తర్వాత నోరులేని కంప్యూటర్లు దొరికాయి. మేడ్చల్‌లో వాటిని బాగుచేస్తూ బతుకుతున్నాను.

మొన్న ఎండాకాలం శామీర్‌పేటలో ఒక ఫొటో స్టూడియో సర్వర్‌లో ఉన్న నాలుగు డిస్కుల్లో ఒకటి పోయింది. నా దగ్గరున్న వేరే కంపెనీ డిస్కు పెట్టాను. పనిలో పనిగా డిస్కులన్నిటినీ నడిపే కంట్రోలర్ కార్డు కూడా వేరే రకానిది బిగించాను.

"డిస్కంటే డిస్కే అన్నా, ఏది వెట్టినా నడుస్తది," అన్నాను ఓనర్‌తో.

ఆన్ చేస్తే సర్వర్‌కు ఒక్క డిస్కూ కనిపించలేదు. లాల్‌గడి మలక్‌పేట్ ఊళ్లోని ఒక ఇంటివాళ్ల పెండ్లి వీడియో అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. దానికోసమే వచ్చిన పెండ్లికూతురి అవ్వ నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది బిడ్డా, గట్ల చెమటలు వడుతున్నయ్?"

"ఉక్కపోత అవ్వా," అన్నాను. ఏసీ నా నెత్తిమీదే నడుస్తోంది.

పాత కార్డే తిరిగి బిగించి, మిగతావాటి కంపెనీ డిస్కే తెప్పించి పెట్టాక వీడియో కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. రకరకాలవి కలిపితే పొసగలేదని అవ్వకు చెప్పాను. ఇప్పటికీ డిస్కు చేతిలోకి తీసుకుంటే ఆమె అన్న మాటే గుర్తొస్తుంది.

"ఇద్దర్ని కలపనీకే మేం ఇల్లు సూసినం, గోత్రం సూసినం. నువ్వు నాలుగింటిని కలిపినవ్ గద, ఏం సూసినవ్ బిడ్డా?"