ముఖద్వారం తీర్మానంలో లేని మాట

మా పక్కింటి పెద్దాయన పోయారు. ఉదయం పాలప్యాకెట్టు తెచ్చుకోవడానికి గేటు దాకా వెళ్తే వాచ్‌మన్ చెప్పాడు. నేను వెంటనే వాళ్ళింటికి వెళ్ళలేదు. పాలు ఇంట్లో పెట్టి, చొక్కా మార్చుకుని, అది విప్పి ఇంకొకటి వేసుకున్నాను. ఆ గడప తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం ఎటూ లేకపోయింది.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా కాలువ మీద లస్కరుగా చేశారు. తూములు ఎత్తడం, దించడం, తెల్లవారగానే నీటిమట్టం చూసి ఆఫీసులో చెప్పడం ఆయన పని. అంకెలు తప్ప అక్షరాలు రావు. ఆయన చెప్పింది గుమాస్తా పుస్తకంలో రాసేవాడు. తూము దగ్గర రైతులు గొడవపడితే ఆ పుస్తకమే తెప్పించేవారట.

"కట్టెలు పట్టుకొని వచ్చినోళ్ళు గూడా పుస్తకం తెరిస్తే సల్లబడేటోళ్ళప్పా" అనేవారు. రాసిన మాటంటే ఆయనకు అంత నమ్మకం.

కర్నూలు నుంచి కోడుమూరు పోయే దారిలో ఉంది మా కాలనీ. గరుసు నేల. వాన ఎప్పుడో గానీ పడదు. పడినప్పుడు మేమంతా ఆరేసిన బట్టలు లాక్కుని లోపలికి పరుగెత్తుతాం. ఆయన మాత్రం గొడుగు వేసుకుని బయటికి వచ్చేవారు. నీళ్ళు ఏ సందులోంచి వస్తున్నాయో, ఎక్కడ మలుపు తిరుగుతున్నాయో చూసుకుంటూ గేటు దాకా నడిచేవారు. "నీరు పల్లమెరుగు" అని సగం సామెతే చెప్పి ఆపేసేవారు. "నిజం దేవుడెరుగు" అని నేను అందిస్తే, "ఆ సగం నాకు పడదప్పా. నిజం దేవునికి ఒప్పజెప్తే ఇంగ మనమేం జేసేది?" అని నవ్వేవారు.

మా ఇల్లు కట్టేటప్పుడు నాలుగు మెట్లు ఎత్తు లేపించుకోమని చెప్పింది కూడా ఆయనే. ఆయనది కాలనీలో మొదట కట్టిన ఇల్లు. సిమెంటు రోడ్లు వచ్చాక పల్లంలో పడింది.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఎరువుల అంగట్లో రోజువారీ లెక్కలు రాస్తూ అక్షరం కుదుర్చుకున్నాను. దస్తూరి బాగుందని కాలనీ కమిటీ వాళ్ళు మీటింగు పుస్తకం నా చేతికిచ్చారు. ఇంజనీర్లు, లెక్చరర్లు కూర్చునే చోట నాకూ ఒక కుర్చీ దొరికింది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

కాలనీ ముఖద్వారం అందంగా ఉండాలని, కిందటేడు గేటు దగ్గర తోట వేయడానికి మీటింగు పెట్టారు. కాంట్రాక్టు పనులు చేసే మా అధ్యక్షుడు ప్లాను గీయించి తెచ్చాడు. ఎర్రమట్టి తోలించి రెండడుగులు ఎత్తు చేయాలి. దాని మీద లాను, వరసగా పామ్ చెట్లు, తడపడానికి బోరు నుంచి స్ప్రింక్లర్లు. ఫోన్లో బొమ్మ చూపించాడు. నాకూ నచ్చింది.

పెద్దాయన వెనక కుర్చీలోంచి లేచారు. ఆ రోజు ఆయన అన్నది ఇదీ:

"కాలనీ నీళ్ళన్నీ బయటికి పోయేది ఆ గేటు కాడనే. ఆడ మట్టి ఎత్తు చేస్తే నీళ్ళు ఎనక్కి తిరుగుతాయి. ఎత్తు వద్దు, పల్లం చేయండి. కానుగ మొక్కలు పెట్టి, పక్కన బొక్క పెట్టిన కుండలు పూడ్చి, కుండల్లో నీళ్ళు పోద్దాం. రెండు ఎండాకాలాలు కాపాడితే సాలు. ఆపైన వాటి నీళ్ళు అవే ఎతుక్కుంటాయి. లానుకు బోరు తాపితే మనం తాగేదేంది?"

"తాతా, కానుగ చెట్లు రోడ్డు మీద శానా ఉండాయి, పోయి సూసుకో. ఈడ ఇండ్ల రేటు పెరగల్ల" అన్నాడు అధ్యక్షుడు.

"రేటు సంగతి నాకు తెలీదు గానీ, ఇండ్లల్లో నీళ్ళయితే పెరుగుతాయి నాయనా."

అందరూ నవ్వారు. అధ్యక్షుడికి ఆ నవ్వు రుచించలేదు. నా వైపు వంగి, "ఇయ్యన్నీ రాయాకప్పా. రాస్తే సంతకం పెట్టేటప్పుడు ఒక్కొక్కడు ఒక్కొక్కటి అంటాడు. ఏకగ్రీవమని రాయి" అన్నాడు.

రాశాను.

ఇంటికి నడుస్తూ పెద్దాయన అడిగారు. "నా మాట రాసినావు కదప్పా?"

"రాసినా పెద్దాయనా."

"సాలు. వాళ్ళు ఇనకపోతే పోనీ. పుస్తకంలో ఉంటే అదే మాట్లాడతాది."

మా గేటుకు ఇంకా ఇరవై అడుగులుంది. ఆ ఇరవై అడుగుల్లో నిజం చెప్పి ఉండవచ్చు. ఎండల గురించి మాట్లాడాను.

ఈ ఏడు మొదటి పెద్దవానకు నీళ్ళు గేటు దగ్గర తోటకని లేపిన మట్టికట్టకు తగిలి వెనక్కి తిరిగాయి. ఆయన వరండా దాటి వంటింట్లోకి వచ్చాయి. నేను వెళ్ళేసరికి ఆయన భార్య, పెద్దమ్మ, బియ్యం బస్తాను మంచం మీదికి లాగుతోంది. ఆయన వంగి చెంబుతో నీళ్ళు బకెట్లోకి తోడుతున్నారు. నన్ను చూసి నడుం ఎత్తారు.

"దిగులు పడాకప్పా. నీ పుస్తకం ఉండాది కదా. మల్ల మీటింగులో తీసి సదువు. ఎవురూ కొట్లాడే పని లేదు."

బకెట్టు అందుకుని బయట పోశాను. నిండకముందే మళ్ళీ అందుకున్నాను. ఆయన ముఖం చూడకుండా ఉండడానికి అంతకు మించిన పని దొరకలేదు.

తర్వాతి మీటింగు జరగకముందే ఆయన పోయారు.

దినాలు అయిపోయిన మర్నాడు పెద్దమ్మ కబురు పంపింది. పుస్తకం తెమ్మంది.

"ఆయన మాట దాంట్లో ఉండాదని నాకు శానాతూర్లు చెప్పినాడప్పా. నాకూ అచ్చరం ముక్క రాదు, ఒకతూరి సదివి ఇనిపించు."

నిజం చెప్పేయాలనే వెళ్ళాను. వాకిలి దాటేదాకా మాటలు కూడా కూర్చుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని, వినడానికి కూర్చుంది. పేజీ తెరిచాను. అందులో లేని మాటలను ఒక్కటీ వదలకుండా చదివాను. కానుగ మొక్కలు, కుండలు, రెండు ఎండాకాలాలు అన్నీ చదివాను. "అవే ఎతుక్కుంటాయి" అన్నచోట ఆమె చిన్నగా నవ్వింది.

"అచ్చం ఆయన గొంతే. పొల్లు పోకుండా రాసినావు నాయనా. యాడుండాది? సూపించు."

"సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అన్న వరస మీద వేలు పెట్టాను. పెద్దమ్మ ముందుకు జరిగి, ఆ వరస మీద కుడిచేతి వేళ్ళు మెల్లగా ఆనించి, కళ్ళకు అద్దుకుంది.