నూతి మీద చెక్కలు

వానకు తడిసిన మామిడి చెక్క వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న మా వీధి వడ్రంగి నానిన చెక్కలు ఎండలో ఆరేస్తుంటే, ఆ దారిన నడవలేక వెనక్కి వచ్చేశాను. ఆ వాసన వెంట శాంతమ్మగారు కూడా వస్తారు. పేరుకే శాంతమ్మ, శాంతం మచ్చుకైనా ఉండేది కాదు. ఏలూరులో మిషను ఆస్పత్రి నర్సు. నల్ల గొడుగు వేసుకుని ఊరంతా నడిచే తిరిగేవారు.

అవి తెల్లదొరల రోజులు. పద్దెనిమిదేళ్ళ నేను తొలి కానుపుకు కొల్లేటి ఒడ్డున ఉన్న అత్తవారింటి నుంచి పడవ మీద ఏలూరు పుట్టింటికి వచ్చాను. అప్పటికి రెండు నెలలుగా అన్నం సయించదు, నిద్ర పట్టదు. పొద్దస్తమానం ఏడుపు వచ్చేది. ఎందుకో చెప్పమంటే నాకే తెలిసేది కాదు. అత్తగారు వేవిళ్ళన్నారు. ఏడో నెలలో వేవిళ్ళేమిటని ఎవరూ అడగలేదు. తరవాత పొగరన్నారు. కడుపుతో ఉన్నదానివి కంటతడి పెట్టకూడదు, బిడ్డకు అరిష్టం అంది మా అమ్మ. ముద్దపప్పు తింటావా, పాలతాలికలు తింటావా అని వీధి వీధంతా అడిగింది. నేను మాత్రం పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని లోపలి నీళ్ళ వంక చూస్తూ ఉండేదాన్ని. ఒకనాడు పొద్దున్నే వెళ్ళేసరికి నూతి మీద మామిడి చెక్కలు పరిచి, పైన బరువుకు రుబ్బురోలి పొత్రం పెట్టి ఉంది. నీళ్ళు తోడుకోవడం, మళ్ళీ మూసెయ్యడం. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నా కాళ్ళు వాచాయని అమ్మ శాంతమ్మగారికి కబురు పెట్టింది. ఆవిడ కిరస్తానీ కనుక నట్టింట్లోంచి రానివ్వకుండా, పక్క సందులోంచి పెరట్లోకి తీసుకొచ్చింది. ఆ మడి తలుచుకుంటే సిగ్గూ కోపమూ రెండూ వస్తాయి. అయినా ఆ సందు దారిన రాబట్టే ఆవిడ నుయ్యి చూశారు.

“ఈ చెక్కలెందుకండీ?”

“కోళ్ళు పడుతున్నాయని కప్పామమ్మా,” అంది అమ్మ.

“మీ ఇంట్లో కోళ్ళెక్కడివండీ?”

మా గడప కోడిగుడ్డు కూడా తొక్కి ఎరగదు. శాంతమ్మగారు నా వైపు తిరిగి ఎలా ఉందని అడిగారు. బిడ్డ కదులుతోందండీ అన్నాను. అందరికీ చెప్పే మాట అదే.

“నేనడిగింది బిడ్డ సంగతి కాదమ్మా, నీ సంగతి.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ కంగారుగా నా నోటికి కొంగు అడ్డం పెట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ అంటుకు అమ్మ తరవాత స్నానం చేసింది కూడా.

“నుయ్యి మూయడం తెలిసింది. ఏమైంది తల్లీ అని పిల్లనొక్క మాట అడగడం తెలియలేదా అండీ?” అన్నారు. నా కోసం ఒకరికి కోపం రావడం అదే మొదటిసారి.

నన్ను ఒంటరిగా వదలొద్దని, ఏడిస్తే ఆపొద్దని అమ్మకు గట్టిగా చెప్పారు. కానుపు దాకా రోజూ సాయంత్రం ఆ సందులోంచే వచ్చి ఆ చెక్కల మీదే కూర్చునేవారు. నేను ఏడ్చేదాన్ని, అప్పుడప్పుడు మాట్లాడేదాన్ని. ఆవిడ వినేవారు. ఒక్కసారిగా ఏమీ బాగుపడలేదు. ఒకరోజు చారన్నం నాలుగు ముద్దలు తింటే, మర్నాడు మళ్ళీ మామూలే. ఆడపిల్ల పుట్టిన రోజున అందరూ పసిదాని చుట్టూ మూగితే, ఆవిడ నా తల దగ్గరికి వచ్చి మళ్ళీ అదే అడిగారు. బతికే ఉన్నానండీ అన్నాను. అది చాలన్నారు.

అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు. భయపడింది, ఆ భయాన్ని చెక్కల కింద దాచింది. అది తెలిసీ నేను క్షమించలేదు. క్షమించాలనీ లేదు.

ఆ పుట్టిన పిల్ల కూతురే ఇప్పుడు తొలి కానుపుకు వచ్చింది. నిన్న భోజనాల దగ్గర అది కళ్ళు తుడుచుకుంటుంటే, కడుపుతో ఉండి ఏడవకూడదే అంది మా అమ్మాయి. నా కడుపులో ఉండగా విన్నదేమో. కంచం ముందు నుంచి లేచి మనవరాలి పక్కన కూర్చున్నాను. ఎలా ఉందే అంటే, లోపల బాగా తన్నుతోందమ్మమ్మా అంది.

“దాని సంగతి కాదే, నీ సంగతి.”

అది నా భుజం మీద వాలి భోరుమంది. ఇరుగుపొరుగు వింటారని మా అమ్మాయి లేచి వీధి తలుపు మూయబోయింది. తీసే ఉంచమన్నాను.