నాయనమ్మ పెట్టించిన ఫార్వర్డ్ రూలు

ఈమెయిల్‌ని ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. దాన్ని నలుగురికీ పంచిపెట్టాలని కనిపెట్టింది మాత్రం జగ్గయ్యపేట కిరాణా కొట్టు వాసవాంబగారు, అంటే మా నాయనమ్మ. తనకొచ్చింది ఏదైనా ఒక్కతే ఉంచుకోవడం ఆవిడ వల్ల కాదు. ప్రసాదమైనా, దగ్గైనా, మెయిలైనా.

డిగ్రీ మధ్యలో వదిలేసి కొట్లో కూర్చున్న నన్ను మొన్న వేసవిలో పట్టుకుంది.

"చందనా, నా మెయిళ్ళు వాటంతటవే నందిగామలో మీ అత్తకీ, ఆటో బాబ్జాన్‌కీ, జెరాక్స్ కొట్టు సూసన్‌కీ పోవాలి."

"అన్నీనా? ఎవరికి కావలసినవి వాళ్ళకే పోయేలా పెడతాలే నాయనమ్మా."

"పంక్తిలో ఒకరికి వడ్డించి ఒకరికి మానేస్తామా? అన్నీ అందరికీ."

ఒక్కొక్కరికీ ఒక కోడ్ వెళ్తుందనీ, వాళ్ళు అది మనకి చెబితేనే మెయిళ్ళు పంపే ఈ ఫార్వర్డ్ రూలు నడుస్తుందనీ చెప్పాను. ఆ మర్యాద నాయనమ్మకు తెగ నచ్చింది. అయితే ఫోన్లో అడగడానికి వీల్లేదట.

"బొట్టు పెట్టి పిలిచినట్టు ఇంటికెళ్ళి అడగాలే."

కోడ్ కోసం నందిగామ బస్సెక్కాను. నాగవల్లి అత్త పెసరట్టు పెట్టి, కోడ్ చెప్పి, జాకెట్ ముక్క కూడా చేతిలో పెట్టి పంపింది.

మొట్టమొదట అందరికీ చేరింది తాతయ్య షుగర్ రిపోర్టు. మర్నాడు తాతయ్య జిలేబీ పొట్లంతో వస్తుంటే బాబ్జాన్ ఆటో ఆపాడు.

"మూడొందలు దాటిందంటగా షావుకారుగారూ! ఆ పొట్లం ఇటివ్వండి."

"నా షుగరు నీకెవడు చెప్పాడయ్యా?"

"అమ్మగారే పంపారండి."

తాతయ్య ఇంటికొచ్చి ఒకటే గోల. "ఊరంతా నా రక్తం చదువుతోంది!"

"చదవనీండి. మీరెలాగూ చదవరు," అంది నాయనమ్మ.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తోంది. అత్త ఫోన్ చేసింది.

"చందూ, నాన్న షుగరు తగ్గిందేమోనని మెయిల్ తెరిస్తే, బాబ్జాన్ కూతురు గుల్షన్‌కి నర్సింగ్ సీటటే! సాయంత్రంలోగా ఇక్కడి కాలేజీలో చేరకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారంట!"

నేను వీధిలోకి పరిగెత్తేసరికి, మెయిల్ చదివిన సూసన్ జెరాక్స్ మిషన్ వదిలేసి బాబ్జాన్ ఆటోకి అడ్డంగా నిలబడి ఉంది. అప్పటిదాకా ఫోనే చూడని బాబ్జాన్ లోపలున్న బేరాన్ని దించేసి ఇంటికి దౌడు తీశాడు. గుల్షన్ సర్టిఫికెట్లతో ఆటో ఎక్కింది. అక్కడ నందిగామలో అత్త కాలేజీకి వెళ్ళి, "దారిలో ఉందండీ, వచ్చేస్తోంది" అంటూ కాలేజీ గుమస్తాను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

గుల్షన్ చేరిపోయింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కిందటేడు ఆ పిల్లకు ఇలాంటి మెయిలే వచ్చింది. ఫోన్లో డేటా లేక గడువు దాటాక చూసుకుని, మా కొట్లో బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చిందట. అందుకే ఈసారి దరఖాస్తులో నాయనమ్మ తన మెయిల్ ఇప్పించింది.

"ఆ ఒక్క మెయిలుకే రూలు పెట్టించుకోవచ్చుగా నాయనమ్మా? తాతయ్య పరువెందుకు తీశావు?"

"ఉత్త కాలేజీ మెయిళ్ళయితే ఎవరు తెరుస్తారే? ఇప్పుడు చూడు, ఏ మెయిలొచ్చినా మీ తాతయ్య సంగతేమోనని ఎగబడి చదువుతున్నారు."

"మరి నాకైనా ముందే చెప్పొచ్చుగా!"

"సీటొచ్చేదాకా ఎవరికీ తెలియనివ్వొద్దని ఆ పిల్ల నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నీకు చెబితే ఇంక రూలెందుకే? సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయేది."