మాస్టరు అరిచిన ‘మూడు’

రెండక్షరాల మాట ఒకటి తప్పుగా విని నేను గెలిచిన మ్యాచ్ ఓడగొట్టాను, ప్రాణస్నేహితుడి ఉద్యోగం పోగొట్టాను, ఆ తర్వాత అదే మాట పుణ్యమా అని పేరున్న ఆటగాణ్ణయ్యాను. ఇంత ఘనకార్యం చేసినవాణ్ణి మీరు చూసి ఉండరు. కూర్చోండి, చెబుతాను. ధారాళంగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం బాస్కెట్‌బాల్ పెట్టిన భిక్ష. ఆటనే వృత్తిగా పెట్టుకోవాలంటే అప్పట్లో మా వైపు ఉన్న దారి అదొక్కటే. పొద్దున ఫైళ్లు, సాయంత్రం బంతి. ఫైళ్లు ఎలా చూసినా అడిగేవాళ్లు లేరు, బంతి మాత్రం రింగులో పడాలి.

నాకు ఎగరడం రాదు. పరుగెత్తితే పెళ్లివారింట్లో పాయసం గుండిగ మోసుకెళ్లేవాడిలా ఉంటాను. వచ్చిన విద్య ఒక్కటే: దూరం నుంచి వేయడం. కాబట్టి మిగతావాళ్లంతా సంతరోజు బస్సెక్కేవాళ్లలా రింగు కింద తోసుకుంటుంటే, నేను ఒక్కణ్ణే దూరంగా మూలన నిలబడేవాణ్ణి, స్టాపు రాకముందే దిగిపోయిన ప్రయాణికుడిలాగ. నా ఆటే ఒంటరి ఆట. అప్పుడది నాకు సుఖంగానే ఉండేది, ఎందుకంటే ఎంత దూరాన నిలబడినా బంతిని వెతుక్కుంటూ నా చేతుల్లోకి పంపేవాడు ఒకడుండేవాడు.

వాడు మునిరత్నం. నగరి నుంచి వచ్చినవాడు, మగ్గం పనివాళ్ల కుటుంబం. అలిపిరి పోయే దారిలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను డైరీ రాసుకుంటుంటే పక్కనే పడుకుని, “ఏం రాస్తా ఉండావప్పా, పొద్దున తిన్న ఉప్మా గురించేనా?” అని ఎగతాళి చేసేవాడు. నిజానికి ఉప్మా గురించే. నాది పర్మనెంటు ఉద్యోగం, అదే ఆఫీసులో వాడిది రోజుకూలీ. “ఈసారి చిత్తూరు ఫైనల్ గెలిచినారంటే నిన్ను పర్మనెంటు చేయిస్తా” అని మా ఆఫీసరు వాడికి మాటిచ్చాడు. గెలవకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా కోచ్ ఏలుమలై మాస్టరు. అరక్కోణం మనిషి. మామూలుగా తెలుగే మాట్లాడేవాడు, “నువ్వు పోయి ఆడ నిలుచుకో” అన్న పద్ధతిలో. కోపం వస్తే మాత్రం భాష తమిళంలోకి దిగిపోయేది. నాది పీలేరు పక్క. మా వైపు తమిళం గాలికి కూడా సోకదు. నాకు అనువాదకుడు మునిరత్నమే, సరిహద్దులోని నగరిలో ఇళ్లల్లో సగం తమిళమే కదా. “మాస్టరు ఏమంటాండాడు?” అంటే, “నిన్ను కాదులే, మీ తాతను తిడతాండాడు” అని మెత్తగా మార్చి చెప్పేవాడు.

దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు అనే నియమం అప్పుడే కొత్తగా వచ్చింది. మా గ్రౌండులో ఆ గీత లేకపోతే మాస్టరు ముగ్గుపిండితో అర్ధచంద్రాకారంగా గీయించాడు. పొద్దున్నే ఊడ్చడానికి వచ్చే ఆమె దాన్ని చూసి, “సగం ముగ్గేసి ఇడిసిపెట్టినారే, మిగతా సగం ఎవురేస్తారు సామీ?” అని చీపురుతో తుడిచేసేది. మళ్లీ గీసేవాళ్లం. ఆ గీత నా కోసమే పుట్టిందని నా నమ్మకం. మూడు అన్న మాట ఎక్కడ వినిపించినా నా చేతులు వాటంతటవే లేచేవి. హోటల్లో సర్వరు “టేబుల్ మూడుకు రెండు దోసెలు” అంటే కూడా నా మణికట్టు వంగేది.

ఇక ఫైనల్.

చిట్టచివరి క్షణాలు. మేము ఒక్క పాయింటు ముందున్నాం. బంతి మునిరత్నం దగ్గర ఉంది. ఇద్దరు వాడి మీద పడ్డారు. వాడు వంగి, వాళ్ల చంకల సందులోంచి బంతిని నాకు పంపాడు. నేను ఎప్పటిలాగే మూలన, చుట్టూ ఎవరూ లేకుండా, చెక్ పోస్టు దగ్గర కాపలావాడిలా నిలబడి ఉన్నాను.

అప్పుడు వినిపించింది మాస్టరు గొంతు. “మూడూ! మూడూ! మూడ్రా!”

తిరిగి చూశాను. మాస్టరు రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి, గట్టిగా అదిమి, నా వైపే ఊపుతున్నాడు. పాఠకులారా, అంత పెద్దమనిషి గ్రౌండు అంచున నిలబడి, కళ్లు ఎర్రబడి, నాకు దండం పెట్టి మూడు పాయింట్లు అడుక్కుంటున్నాడు! నా గుండె కరిగిపోయింది. దేవుడు వరమిచ్చేటప్పుడు ఎలా ఫీలవుతాడో నాకు ఆ క్షణంలో తెలిసింది. ‘ఇంత అడగాలా మాస్టరూ!’ అనుకుని వేశాను.

బంతి ఎంతో అందంగా వెళ్లింది. రింగు అంచున కూర్చుంది, అటూ ఇటూ చూసింది, బయటికి దిగి తిన్నగా అవతలి జట్టు పొడుగువాడి చేతుల్లో పడింది. వాడు పరుగెత్తాడు, వేశాడు, ఈల మోగింది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

మాస్టరు నా దగ్గరికి వచ్చి మొహంలో మొహం పెట్టి అడిగాడు.

“ఉనక్కు కాదు కేక్కాదా? కాదు... కేక్కాదా?”

నాకు మధ్యలో ‘కాదు’, చివర్లో ‘కాదా’ మాత్రం అర్థమయ్యాయి. ఏదో కాదా అని అడుగుతున్నాడు. పెద్దవాళ్లు అడిగితే వినయంగా జవాబు చెప్పాలి కదా.

“కాదు మాస్టర్,” అన్నాను.

“కాదు!” అని చెవి పట్టుకుని లాగి చూపించాడు.

“కాదు మాస్టర్, కాదు,” అని నేనూ నా చెవి పట్టుకున్నాను, క్షమాపణ అడగమంటున్నాడేమో అని.

ఆయన నుదురు కొట్టుకుని, తువ్వాలు విసిరేసి రైల్వే స్టేషను వైపు వెళ్లిపోయాడు. మళ్లీ మా జట్టు మొహం చూడలేదు.

మునిరత్నం బూట్లు విప్పుకుంటూ నెమ్మదిగా అడిగాడు. “ఏమప్పా, ఎందుకేసినావు?”

ఎందుకు పడలేదని అడుగుతున్నాడనుకున్నాను. “గాలప్పా. గాలి తోసేసింది.”

వాడు తల ఎత్తి గ్రౌండు పక్కనున్న వేపచెట్టును చూశాడు. ఒక్క ఆకు కదలడం లేదు. “అవునవును, శానా గాలి,” అన్నాడు.  ఆ రోజు నా డైరీలో ఉన్నది రెండే మాటలు: ‘ఓటమి. పెరుగన్నం.’

ఆఫీసరు తన మాట మరచిపోయాడు, నెల తిరగకుండా రోజుకూలీ కూడా ఆగిపోయింది. మునిరత్నం నగరిలో వాళ్ల నాయన నేసే మగ్గం దగ్గరికే తిరిగి పోయాడు. బస్సు ఎక్కించడానికి నేను వెళ్లాను. కిటికీలోంచి, “బాగా ప్రాక్టీసు చెయ్యప్పా,” అన్నాడు. అది ఎత్తిపొడుపో ఆశీర్వాదమో తేల్చుకోలేక ఆశీర్వాదం కిందే జమ చేసుకున్నాను.

నిజంగానే చేశాను. నా తప్పంతా బంతి పడకపోవడమే అని నా లెక్క కదా! తెల్లవారకముందే లేచి, ముగ్గు గీసి, వేయడం మొదలుపెట్టేవాణ్ణి. మునిరత్నం ఉన్నప్పుడు నేను వేసేవాణ్ణి, వాడు తెచ్చిచ్చేవాడు. ఇప్పుడు వేసేదీ నేనే, పోయి తెచ్చుకునేదీ నేనే. దూరం నుంచి వేసేవాడికి ఉన్న కష్టం ఇదే, బంతి కూడా దూరంగానే పడుతుంది. గదికి వస్తే, ఉప్మా గురించి రాసినా ఎగతాళి చేసేవాడు లేడు. దాంతో డైరీ మీద కూడా శ్రద్ధ పెరిగింది.

అలా ఏళ్ల తరబడి వేసి వేసి రాష్ట్ర జట్టుకు ఆడాను, ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది, ‘మూడు సారు’ అని పేరు స్థిరపడింది. చివరికి మోకాలు అరిగిపోయి ఆట ఆగిపోయింది.

ఆ మోకాలు చూపించుకోవడానికి వేలూరు పోయే తమిళనాడు బస్సెక్కాను. దారిలో వాన. కండక్టరు నా వైపు చూసి అరిచాడు: “మూడు సార్! మూడు!”

పరాయి రాష్ట్రం బస్సులో కూడా నన్ను గుర్తుపట్టారే అని మురిసిపోయాను. లేచి నమస్కారం పెట్టాను. “అవునండీ, నేనే!”

“అయ్యో, మూడు సార్!” అని రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి అదిమి చూపించాడు.

అచ్చం మాస్టరు పెట్టిన దండమే. పక్కన కూర్చున్న పుత్తూరు పెద్దావిడ వానకు తడుస్తూ నా మోచేతి మీద పొడిచింది. “కిటికీ మూయమంటా ఉండాడు సామీ! నిలబడి దండాలేంది? తడిసి సస్తా ఉండాం!”

“మూడు అంటే...”

“మూయమని. ఆ మాత్రం తెలీదా? కాదు కూడా కేక్కాదేమో పాపం. చెవులు ఇనపడవేమో అంటుండా,” అని నాకు అర్థం చెప్పి మరీ జాలిపడింది.

కిటికీ మూశాను. కూర్చున్నాను. చిత్తూరు గ్రౌండు మొత్తం మళ్లీ ఒకసారి నా కళ్ల ముందు ఆడింది, ఈసారి సరైన అనువాదంతో. మూసెయ్, బంతి పట్టుకుని ఆట మూసెయ్, అని మొత్తుకున్నాడు మహానుభావుడు. ఒక తమిళ క్రియను తెలుగు అంకెగా విని, దాని మీద నేను జీవితమంతా కట్టుకున్నాను. పునాది మునిరత్నం వీపు మీద పడింది.

వాడికి రాయాలనుకున్నాను. ఏమని రాయను? ‘మిత్రమా, గాలి కాదు’ అనా? రేపు రాద్దాం అనుకుంటూ ముసలివాణ్ణయ్యాను. మా ఆవిడ కూడా పోయింది. ఇప్పుడు నా క్రీడాజీవితం ఏమిటంటే, ఉతికే బట్టల్లోంచి సాక్సులు ఉండ చుట్టి, మంచం మీద కూర్చుని, వంటింటి గడప అవతలి బకెట్టులోకి వేయడం. పడకపోతే లేచి తెచ్చుకోవడం.

మొన్న పాత ఆటగాళ్ల వాట్సాప్ గుంపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఏదో దేశంలో ఒకాయన ఆఖరి క్షణంలో సగం కోర్టు నుంచి వేసి గెలిపించాడు. కింద ఒకరి మాట: ‘మావోడొకడు గూడా ఏసినాడప్పా. గాలి తోసేసింది.’

పేరు లేదు. అవసరమూ లేదు. ఆ నంబరుకు ఫోన్ చేశాను.

“మునిరత్నం, నేనప్పా.”

“ఏమప్పా, ఇప్పటికి దొరికినానా?”

దాచుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. మాస్టరు, మూడు, దండం, వేలూరు బస్సు, కిటికీ.  అవతల ఒక నవ్వు మొదలైంది, దగ్గులోకి పోయి మళ్లీ నవ్వులోకి వచ్చింది.

“నీ పాసుగుల! పేరు కోసం ఏసినావనుకున్నా గదప్పా ఇన్నాళ్లూ! అర్థం గాక ఏసినావా?”

“ఆ మూలకు నాకెందుకిచ్చినావప్పా బంతి?”

“నీ దగ్గరికి ఎవురూ రారు గదా! అంతకంటే బద్రమైన జాగా యాడుండాది? గమ్మున పట్టుకోని నిలబడుంటే సాలు, అయిపోయుండు.”

గమ్మున నిలబడడం. ఇప్పుడు అది నాకు బాగా వచ్చు. అదే చెప్పబోతుంటే అవతల ఉరుము వినిపించింది. మునిరత్నం ఫోన్ పక్కకు పెట్టి తలుపు వేయమని ఇంట్లోవాళ్ల మీద గట్టిగా అరిచాడు: “వానొస్తాంది! కదవు మూడు! మూడు!”

నా చేతిలో సాక్సుల ఉండ ఉంది. తర్వాత జరిగింది నేను చేసింది కాదు, మణికట్టు చేసింది. ఉండ గది దాటి, గడప దాటి, బకెట్టులో దిగింది. అంచు కూడా తగల్లేదు.

“ఏంటప్పా ఆ సద్దు?”

“ఏం లేదు.”

“ఏసినావా?” 

“...వేశాను.”

“పడిందా?”

“పడింది.”

“ఇప్పుడు పడి ఏం లాభం, మ్యాచ్ అయిపోయె!” అన్నాడు. మళ్లీ తనే, “ఆదివారం నగరికి రా. నువ్వెయ్యి, నేను తెచ్చిస్తా. నా మోకాళ్లు ఇంకా పనిచేస్తా ఉండాయి.”

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, ఆ సాక్సుల బకెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు ‘మూడు’ అన్నా, అది తెలుగా తమిళమా అని అడిగి, మునిరత్నం చేత అనువాదం చేయించుకుని, ఆ తర్వాతే చెయ్యెత్తుతాను. ఆదివారం బస్సులో మాత్రం కిటికీ పక్కన కూర్చోను.